గిలాబు లేని గోడ: ఇంటి లోపలి అడ్డుగోడలకు పొడి నిర్మాణం

కూడు, గుడ్డ, గూడు అనేవి మానవుని ప్రాథమికావసరాలు. వీటిలో మొదటి రెండింటిని మనిషి ఎన్ని మారులైనా మార్చుకోగలడు. గూడు విషయం అట్లా కాదు. సామాన్య కుటుంబం జీవితకాలంలో ఒక్కసారి ఇల్లు కట్టుకుంటుంది. అందులో దొర్లిన లోపాన్ని తరువాతి తరం వారు కూడా భరించవలసి వస్తుంది. కాబట్టి గృహ నిర్మాణ సామగ్రిని గురించిన పరిజ్ఞానం ఇంజనీర్లకే కాక విద్యావంతులందరికీ అవసరం.

మన ప్రాంతపు సుతారి మేస్త్రీలు గోడకు చేసే పూతను గిలాబు అంటారు. పారసీకంలో 'గిల్' అంటే మట్టి, 'ఆబ్' అంటే నీరు. ఉర్దూ ద్వారా మన పల్లెలకు చేరిన ఈ ఒక్క మాటలో గోడ కట్టే సంప్రదాయ పద్ధతి అంతా ఇమిడి ఉన్నది. మట్టిని, నీటిని కలపడం, పేర్చడం, తడపడం, ఆరబెట్టడం, మళ్ళీ పూయడం, మళ్ళీ తడపడం దాని క్రమం. ఈ తడి పనిని దాదాపు పూర్తిగా తొలగించి, కర్మాగారంలో ముందుగానే తయారైన పలకలను ఒక చట్రానికి ఇరువైపులా మరలతో బిగించి నిలిపే గోడకు పొడి గోడ అని పేరు. ఆంగ్లంలో దీనినే డ్రైవాల్ అంటారు. దీని స్వభావం ఏమిటి, మన త్రిపురారం వంటి నీటి పారుదల ప్రాంతంలో ఇది ఎక్కడ పనికి వస్తుంది, ఎక్కడ పనికి రాదు అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గోడలు రెండు విధాలు

ఇంటిలోని గోడలన్నీ ఒకే పని చేయవు. కొన్ని గోడలు పై కప్పు బరువును పునాదికి చేరవేస్తాయి. వీటిని భారం మోసే గోడలు అంటారు. మరికొన్ని గోడలు ఒక గదిని రెండుగా విభజించి చాటును మాత్రమే కల్పిస్తాయి. ఇవి అడ్డుగోడలు. స్తంభాలు, దూలాలతో కట్టిన కాంక్రీటు భవనాలలో లోపలి గోడలు చాలావరకు ఈ రెండవ తరగతికి చెందినవే.

బరువు మోయనవసరం లేని గోడ తాను బరువుగా ఉండనవసరం లేదు. ఈ సత్యం మన పూర్వులకు తెలియనిది కాదు. వెదురు బద్దలతో గాని, కంప మండలతో గాని తడిక అల్లి, దానిపై మట్టి మెత్తి, వంట ఇంటిని పడక ఇంటి నుంచి వేరు చేసేవారు. ఆ తడిక గోడను ఇద్దరు మనుషులు ఎత్తి పక్కకు జరపగలిగేవారు. సూత్రం దృష్ట్యా చూస్తే నేటి పొడి గోడ ఆ తడికకు వారసురాలే.

ఒక చిన్న లెక్కతో ఈ భేదం స్పష్టమవుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల అడ్డుగోడను నాలుగున్నర అంగుళాల మందాన ఇటుకతో కట్టామనుకొందాం. తొమ్మిది అంగుళాల పొడవు, మూడు అంగుళాల ఎత్తు గల ఇటుకలు సుమారు 430 కావలెను. సిమెంటు అడుసు, రెండు వైపుల గిలాబు కలుపుకొంటే ఆ గోడ బరువు సుమారు 2,300 కిలోలు. అంటే ప్రతి అడుగు పొడవుకు 230 కిలోలు. అదే కొలతల పొడి గోడ, పలకలు, ఉక్కు చట్రం కలిపి, 200 నుంచి 250 కిలోలకు మించదు. ఇది ఇటుక గోడ బరువులో ఇంచుమించు పదవ వంతు.

ఈ లెక్క మేడ మీద మరింత ముఖ్యమవుతుంది. మన జాతీయ ప్రమాణాల ప్రకారం నివాస గృహాల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల, తరగతి గదుల స్లాబును సుమారు 300 కిలోల వినియోగ భారానికి రూపొందిస్తారు. కింద దూలం లేని చోట, ఇంజనీరు సలహా లేకుండా, 'ఒక్క గోడే కదా' అని ఇటుక గోడ లేపితే ఆ భారమంతా ఒక సన్నని గీత వెంబడి స్లాబు మీద పడుతుంది. స్లాబు కిందికి వంగడం, పగుళ్ళు విచ్చడం తరచుగా ఈ కారణంగానే జరుగుతాయి.

ఇటుకల విషయంలో మరొక సంగతి కూడా ఆలోచించదగినది. 1967 ఆగస్టులో నాగార్జున సాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మన భూములు వరి మాగాణులయ్యాయి. ఇటుక బట్టీకి పోయేది ఇటువంటి సారవంతమైన పై మట్టే. పైన చెప్పిన ఒక్క గోడలోని ఇటుకలే దాదాపు టన్నున్నర బరువు. కాలిన మట్టి మళ్ళీ పొలం కాదు.

పొడి గోడ పుట్టుక

అమెరికాలో 1894లో అగస్టీన్ శాకెట్ అనే ఆయన కాగితపు పొరల నడుమ జిప్సం పూతను పరచి తయారు చేసిన పలకకు పేటెంటు పొందాడు. యునైటెడ్ స్టేట్స్ జిప్సం అనే సంస్థ 1909లో ఆయన కంపెనీని కొని ఆ పలకను మెరుగుపరచింది. చాలాకాలం జనం దీనిని చవకబారు సరుకుగానే భావించారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత లక్షల కొద్దీ ఇళ్ళు త్వరగా కట్టవలసి రావడంతో, కర్ర బద్దల మీద తడి పూత పూసే పాత పద్ధతి వెనుకబడి, పొడి గోడ ముందుకు వచ్చింది. నేడు అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో అధికులు నివసించేది ఇటువంటి గోడల నడుమనే. అక్కడికి వెళ్ళి వచ్చిన పెద్దలు కొందరు వాటిని 'అట్ట గోడలు' అని తేలికగా మాట్లాడుతారు. పైకి కనిపించేది అట్టే అయినా లోపల ఉన్నది రాయి. ఆ రాతి కథ తెలుసుకోదగినది.

జిప్సం స్వభావం

జిప్సం మన రైతులకు కొత్త కాదు. వేరుశనగ చేనుకు, చౌడు నేలల బాగుకు వాడే తెల్లని పొడి అదే. మన దేశంలో ఖనిజ జిప్సం అత్యధికంగా లభించేది రాజస్థాన్‌లో. సిమెంటు తొందరగా గట్టిపడకుండా ఉండేందుకు కర్మాగారాలలో కొద్ది పాలు కలిపేది కూడా దీనినే. 'గచ్చు' అనే తెలుగు మాటకు మూలమైన పారసీక పదం 'గచ్' అసలు అర్థం కూడా జిప్సం పూత అనే. దక్కనులో ఆ పేరు సున్నపు పనికి వర్తించింది. 1591లో కట్టిన చార్మినార్ మీది లతలు, పూలు ఆ సున్నపు గచ్చు పనితనానికి నిదర్శనం.

రసాయనికంగా జిప్సం అంటే నీటితో కూడిన కాల్షియం సల్ఫేటు. ఒక్కొక్క కాల్షియం సల్ఫేటు ప్రమాణానికి రెండు నీటి అణువులు బంధించబడి ఉంటాయి. దాని అణుభారం 172 కాగా అందులో 36 భాగాలు నీరే. అంటే పొడిగా కనిపించే ఈ రాతిలో బరువు ప్రకారం నూటికి 21 వంతులు స్ఫటిక జలం ఉన్నది. దీనిని 120 నుంచి 150 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేస్తే నీటిలో ముప్పాతిక వంతు ఆవిరైపోయి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మిగులుతుంది. పారిస్ నగరంలోని మోంమార్త్ర గుట్ట కింది జిప్సం గనుల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఈ పొడికి నీరు కలిపితే పోగొట్టుకున్న నీటిని తిరిగి గ్రహించి, వేడిని వెలువరిస్తూ, సూదుల వంటి స్ఫటికాలుగా అల్లుకొని నిమిషాలలో గట్టిపడుతుంది. కర్మాగారంలో ఈ ముద్దను రెండు దళసరి కాగితాల నడుమ పరచి, కదిలే పట్టీ మీద గట్టిపడనిచ్చి, కోసి, ఆరబెట్టి పలకలుగా చేస్తారు. సాధారణ పలక మందం 12.5 మిల్లీమీటర్లు.

ఈ స్ఫటిక జలంలోనే పలక గుణం, దోషం రెండూ ఉన్నాయి.

గుణం అగ్ని నిరోధం. నిప్పు అంటుకున్నపుడు పలకలోని నీరు ఆవిరిగా మారడానికి వేడిని పీల్చుకొంటుంది. ఆ నీరు పోయేదాకా గోడ రెండవ వైపు ఉష్ణోగ్రత నీరు మరిగే స్థాయి దరిదాపుల్లోనే నిలుస్తుంది. చదరపు మీటరు పలకలో సుమారు 1.7 కిలోల నీరు ఉంటుంది. పైన లెక్కించిన పదడుగుల గోడకు రెండు వైపులా కలిపి ఇది 30 లీటర్లు దాటుతుంది. రెండు బిందెల నీరు గోడలో దాచి ఉంచినట్లే. అందుకే గాజు పోగులు కలిపిన, 15.9 మిల్లీమీటర్ల ప్రత్యేక పలకలను ఇరువైపులా బిగించిన గోడ ఒక గంటసేపు మంటను ఆపగలదని ప్రమాణ పరీక్షలు నిర్ణయించాయి. లోపలి మనుషులు బయటపడడానికి ఆ గంట చాలు.

దోషం నీటికి లొంగుబాటు. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. తడిసిన పలక మెత్తబడుతుంది, పైని కాగితం బూజుకు ఆహారమవుతుంది. తేమను తట్టుకొనే రకపు పలకలకు ఆకుపచ్చ కాగితం వేస్తారు. అవి గాలిలోని తేమను తట్టుకొంటాయే గాని నిత్యం పడే నీటిని భరించలేవు. కనుక స్నానాల గదికి, అంట్లు తోమే చోటుకు, బయటి గోడకు జిప్సం పలక పనికి రాదు.

మన ముంగిట తయారయ్యే పలకలు

పొడి గోడకు జిప్సం ఒక్కటే ఆధారం కాదు. పూర్వపు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే రెండు ఇతర రకాల పలకలు తయారవుతున్న సంగతి మన విద్యార్థులు తెలుసుకోవలెను.

మిర్యాలగూడ ప్రాంతంలో, కుక్కడం రైల్వే స్టేషను సమీపాన ఉన్న గజలాపురంలో విశాక ఇండస్ట్రీస్ వారు వి-బోర్డు అనే ఫైబర్ సిమెంటు పలకలను ఉత్పత్తి చేస్తున్నారు. ఇందులో ఆస్బెస్టాస్ ఉండదు. సిమెంటు, బూడిద, కర్ర గుజ్జు పోగులు ప్రధాన ద్రవ్యాలు. ఇటువంటి పలకల తయారీకి మూలం ఆస్ట్రియా దేశీయుడు లుడ్విగ్ హాట్షెక్ 1900 ప్రాంతంలో కనిపెట్టిన విధానం. పలుచని ముద్దను తిరిగే జల్లెడ పీపాల మీద పొరలు పొరలుగా ఎత్తి, ఒకదానిపై ఒకటి చుట్టి, అదిమి, ఆ తరువాత అధిక పీడనం గల ఆవిరిలో పక్వం చేస్తారు. ఆ ఆవిరిలో సున్నం, సిలికా కలిసి కాల్షియం సిలికేటు స్ఫటికాలుగా మారడం వల్ల పలక నీటికి కరగదు, వంకరపోదు.

రెండవది నేటి సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలం సింహపురిలో ఎన్.సి.ఎల్. ఇండస్ట్రీస్ వారు తయారు చేసే బైసన్ ప్యానెల్. ఇది సిమెంటుతో కర్ర పొట్టును బంధించిన పలక. ఇందులో సిమెంటు నూటికి 62 వంతులు, కర్ర 28 వంతులు. కర్ర వలె రంపంతో కోయవచ్చు, మేకులు దిగుతాయి. సిమెంటు వలె నీటిని, చెదలను తట్టుకొంటుంది.

సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు విస్తారంగా గల నేల కనుకనే ఈ పరిశ్రమలు ఇక్కడ వెలిశాయి. దామరచర్ల మండలంలోని 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల బొగ్గు మండించగా మిగిలే బూడిద కూడా ఇటువంటి పలకలకు పనికి వచ్చే ముడి సరుకే. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక బూడిదలో నూటికి 85 నుంచి 90 వంతులు సిలికా ఉంటుంది. రసాయన శాస్త్ర విద్యార్థులకు ఇది చక్కని ప్రయోగ విషయం.

జిప్సం కూడా గనుల నుంచే రానవసరం లేదు. విశాఖపట్నంలోని కోరమాండల్ కర్మాగారం వంటి ఎరువుల పరిశ్రమలలో ఫాస్ఫారిక్ ఆమ్లం చేసేటపుడు ఉప ఉత్పత్తిగా జిప్సం మిగులుతుంది. ఒక టన్ను ఆమ్లానికి సుమారు ఐదు టన్నులు. ఇందులో స్వల్పంగా రేడియో ధార్మికత ఉండవచ్చును గనుక అణుశక్తి నియంత్రణ మండలి నియమాలకు లోబడి మాత్రమే దీనిని ఇళ్ళకు వాడవలెను. ఇటువంటి జిప్సానికి గాజు పోగులు చేర్చి చేసిన బోలు పలకలతో నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి 36 ఇళ్ళను ప్రదర్శనార్థం నిర్మించింది. విద్యుత్ కేంద్రాల పొగలోని గంధకాన్ని సున్నపురాయితో పట్టినపుడు కూడా జిప్సమే లభిస్తుంది. అయితే 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఆ యంత్రాల నిబంధనను అనేక కేంద్రాలకు సడలించినందున ఆ దారిన వచ్చే జిప్సం మీద ఇప్పుడే ఆశ పెట్టుకోరాదు.

కట్టే విధానం

ముందుగా నేల మీద, కప్పు కింద గీత గీసి, జస్తా పూత గల ఉక్కు పట్టాలను బిగిస్తారు. వాటి నడుమ రెండడుగులకు ఒకటి చొప్పున నిలువు కమ్ములను నిలుపుతారు. ఒక వైపు పలకలను మరలతో బిగించి, విద్యుత్ తీగల గొట్టాలను లోపల అమర్చి, ఖాళీని రాతి ఊలుతో నింపి, రెండవ వైపు మూస్తారు. అతుకుల మీద పట్టీ అంటించి, పూరకం పూసి, నున్నగా రుద్ది రంగు వేస్తారు. ఇద్దరు ముగ్గురు పనివారు చిన్న గోడను ఒకటి రెండు రోజులలో నిలపగలరు. తడపవలసిన వారాలు మిగులుతాయి.

మన ఇళ్ళకు సంబంధించిన ఒక జాగ్రత్త ఇక్కడ చెప్పవలసి ఉన్నది. పాశ్చాత్యులు నేలను తుడుస్తారు, మనం పండుగకూ పబ్బానికీ బిందెలతో నీళ్ళు పోసి కడుగుతాం. కాలువ కింది గ్రామాలలో నేల నుంచి నిమ్ము కూడా ఎక్కుతుంది. అందువల్ల పొడి గోడను నేల మీద నేరుగా నిలపకుండా, ముందుగా నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు సిమెంటు కట్ట పోసి దానిపై నిలపవలెను. ఈ చిన్న కట్ట లేకపోవడం వల్లనే చాలా పొడి గోడలు అడుగు నుంచి పాడవుతాయి. చట్రానికి కర్ర వాడితే చెదల భయం ఉన్నది కనుక ఉక్కే మేలు.

పరిమితులు

పొడి గోడ మీద పలకబారిన అభిప్రాయాలలో కొంత నిజం లేకపోలేదు. తడితే డొల్ల శబ్దం వస్తుంది. ఖాళీని నింపకుండా వదిలితే పక్క గది మాటలు వినిపిస్తాయి. శబ్దాన్ని ఆపేది గోడ బరువు. తేలిక గోడలో ఆ లోటును రెండు పొరల నడుమ ఎడం, అందులోని ఊలు తీర్చవలెను. ఊలు నింపి, అంచులను సందు లేకుండా మూసిన గోడ ఇటుక గోడతో దాదాపు సరితూగుతుంది. తరగతి గదుల మధ్య కట్టేటపుడు ఖర్చు తగ్గుతుందని ఊలు మానివేస్తే ఒక ఉపన్యాసంలో రెండవ ఉపన్యాసం కలిసిపోతుంది.

బరువైన అలమారను, నీటి తొట్టిని పలకకు వేలాడదీయరాదు. వేలాడదీయవలసిన చోటు ముందుగానే నిర్ణయించుకొని లోపలి చట్రానికి అదనపు కమ్మి వేయించుకోవలెను. బయటి తలుపు ఉన్న గోడకు, దొంగల భయం గల చోటుకు ఇటుక, రాయి మంచివి.

పనివారి ఆరోగ్యం

ఇంతవరకు ఇంటిలో ఉండేవారి క్షేమం చెప్పుకొన్నాం. ఇల్లు కట్టేవారి క్షేమం అంతకంటె తక్కువది కాదు. మన విద్యార్థులలో కొందరికి రేపు ఈ పనే జీవనోపాధి కావచ్చును.

సిమెంటు పలకలను విద్యుత్ రంపంతో కోసినపుడు లేచే సన్నని ధూళిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వ్యాధి వస్తుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. కోత ఆరుబయట సాగించడం, నీరు చల్లుతూ కోయడం, వీలైన చోట గీత గీసి విరవడం, ముక్కుకు తగిన ముసుగు ధరించడం తప్పనిసరి. జేబు రుమాలు ఈ ధూళిని ఆపదు.

ఆస్బెస్టాస్ అంతకంటె ప్రమాదకరం. దాని పోగులు క్యాన్సరు కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం నిర్ధారించింది. అమెరికాలో గోడల అతుకులకు పూసే పూరకాలలో సైతం దీనిని కలిపేవారు. 1977లో అక్కడి ప్రభుత్వం అటువంటి పూరకాలను నిషేధించింది. మన దేశంలో ఆస్బెస్టాస్ రేకులు ఇంకా ఇళ్ళ కప్పులకు వాడుకలో ఉన్నాయి. మిగిలిపోయిన రేకు ముక్కలను కోసి అడ్డుగోడలు చేయడం ఎంతమాత్రం తగదు. పలక కొనేటపుడు అందులో ఆస్బెస్టాస్ లేదని వ్రాతపూర్వకమైన హామీ అడగవలెను.

ముగింపు

పై విషయాలను సంగ్రహిస్తే తేలేది ఇది. మేడ మీది గదుల విభజనకు, పొడిగా ఉండే లోపలి చోట్లకు, నిప్పు భయం గల మార్గాలకు జిప్సం పలక శ్రేష్ఠం. తడి తగిలే లోపలి చోట్లకు ఫైబర్ సిమెంటు లేదా సిమెంటు-కర్ర పలక తగినది. బరువు మోసే గోడకు, బయటి గోడకు ఇటుక, రాయి, కాంక్రీటు యథాప్రకారం ఉండవలసిందే. ధరలు ఏటేటా మారుతాయి గనుక చదరపు అడుగు ధర ఒక్కటే పోల్చి చూడరాదు. ఇటుక, ఇసుక, సిమెంటు, కూలి, తడిపే నీరు, పని పట్టే రోజులు, సన్నని గోడ వల్ల గదికి కలిసివచ్చే చోటు, ఇవన్నీ లెక్క వేసి నిర్ణయించుకోవలెను.

విద్యాసంస్థల పాలక సంఘాల వారు పెద్ద హాలును రెండు తరగతులుగానో, ప్రయోగశాలగానో, పఠన మందిరంగానో విభజించదలచినపుడు మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలును. స్లాబు ఆ గోడను మోయగలదని ఇంజనీరు చెప్పినాడా? పలక మీద భారతీయ ప్రమాణాల గుర్తు, అనగా జిప్సం పలకకు ఐ.ఎస్. 2095, ఫైబర్ సిమెంటు పలకకు ఐ.ఎస్. 14862, సిమెంటు-కర్ర పలకకు ఐ.ఎస్. 14276, ఉన్నదా? లోపల ఊలు, అడుగున కట్ట ఉన్నాయా?

విద్యార్థులకు ఒక్క మాట. మన జిల్లాలో తయారై లారీలలో దూర నగరాలకు తరలిపోతున్న పలకల గుణదోషాలు ముందుగా తెలియవలసింది మనకు. తడిక అల్లిన తాతల నైపుణ్యం, గచ్చు పని చేసిన శిల్పుల ఓర్పు, నేటి రసాయన శాస్త్రం మూడూ కలిసిన చోట ఈ వృత్తి ఉన్నది. దానిని శాస్త్రీయంగా నేర్చుకొన్నవాడు తన ఊపిరిని కాపాడుకొంటాడు, పరుల ఇంటిని నిలబెడతాడు.